మూడో నక్షత్రం పక్కన మరక

కళ్లద్దాల షాపావిడ ఇరవై రెండేళ్లుగా ఒకే ఒక్క చుక్క మీద కన్నేసి ఉంచింది. నిజానికది చుక్క కాదు, క్వేసార్. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక గెలాక్సీ నడిబొడ్డున మండే వెలుగు. కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు తగ్గుతుంది. డాబా మీది టెలిస్కోపులో దాన్ని పక్కనున్న మూడు నక్షత్రాలతో పోల్చి, ఎంత వెలుగుందో పుస్తకంలో రాసేది. పాత పేజీ తిప్పి చూడకుండా రాయడం, రాసింది కొట్టేయకపోవడం ఆమె పెట్టుకున్న నియమాలు.

ఆ ఉదయం షాపు తెరిచీ తెరవకముందే ఆకాశ పరిశీలకుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు.

“మొన్న మీ క్వేసార్ రెండున్నర రెట్లు వెలిగిందని రాశారు. మిగతా ముగ్గురూ ఎప్పటిలాగే ఉందంటున్నారు. వాళ్లవి కెమెరా కొలతలండీ. సాయంత్రంలోగా మీది వెనక్కి తీసుకోండి. లేకపోతే కంటితో చూసి రాసేవాళ్ల లెక్కలు ఇకమీదట జాబితాలో వద్దంటోంది కమిటీ.”

కంటితో చూసి రాసేవాళ్లంటే ఇంకెవరు, ఆమె ఒక్కతే.

“సాయంత్రం దాకా ఎందుకండీ, ఇప్పుడే చెప్తున్నాను. నేను చూసిందే రాశాను. వెనక్కి తీసుకోను.”

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఒళ్లు మండింది. పొద్దస్తమానం నలుగురి చూపూ సరిచేసే మనిషిని పట్టుకుని నీ చూపే తప్పంటే మండదా మరి.

వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్న మరిది తల బయటపెట్టాడు. అతనిది తోకచుక్కల పిచ్చి.

“కదలని మెదలని చుక్కతో కాపురం చేస్తే ఇంతే వదినా.”

“నీ కదిలే చుక్క మొన్న కనబడిందా?”

“లేదు. ముక్కలైపోయుంటుంది,” అన్నాడు, తప్పంతా తోకచుక్క మీదికి నెట్టేసి.

ఆమె పుస్తకం తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. మొన్నటి పేజీలో ఇలా ఉంది: “మొదటి, రెండో నక్షత్రాలతో పోల్చాను. మూడోదాని పక్కన మరక. అద్దం మూడుసార్లు తుడిచాను. పోలేదు. అందుకని దాన్ని వాడలేదు.”

మరిది రెండుసార్లు చదివాడు. “టెలిస్కోపు కదిపితే మరక అద్దంతోపాటే ఉందా?”

“లేదు. నక్షత్రాన్నే అంటిపెట్టుకుని ఉంది.” అనేసి నాలుక కరుచుకుంది. అద్దం మీది మరకైతే అద్దం మీదే ఉండాలి. షాపులో ముప్ఫై ఏళ్ల అలవాటు, మసక కనబడితే చాలు, చెయ్యి గుడ్డ కోసం వెళ్లిపోతుంది.

తోకచుక్క ఏ రాత్రి ఎక్కడుంటుందో చెప్పే పట్టిక తీశాడు మరిది. తీరా చూస్తే అది పోయిన నెలది. దాన్ని పట్టుకునే మొన్న ఆకాశమంతా జల్లెడ పట్టాడు. ఈ నెలది తెరిచేసరికి, మొన్న రాత్రి తోకచుక్క సరిగ్గా మూడో నక్షత్రం పక్కనే ఉందని తేలింది. తోక ఇంకా రాలేదు కాబట్టి చిన్న దూదిపింజలా కనబడి ఉంటుంది.

“కెమెరావాళ్లు ముగ్గురూ పోల్చేది ఆ మూడోదానితోనే,” అందామె మెల్లగా. “నక్షత్రం వెలుగూ తోకచుక్క వెలుగూ కలిపి కొలిచేశారు. నక్షత్రమే పెరిగినట్టు కనబడితే, నా క్వేసార్ ఎంత పెరిగినా తెలియదు.”

కార్యదర్శికి ఫోన్ చేసి, ఫొటోలు పెద్దవి చేసి మూడో నక్షత్రం పక్కన తోకచుక్క ఉందేమో చూడమంది. తర్వాత ఇద్దరికి కళ్లు పరీక్షించింది, ఒక ఫ్రేముకు మర బిగించింది. చూపు మాత్రం ఫోన్ మీదే ఉంది. మూడు గంటలకు అది మోగింది.

“ఉందండీ, మూడు ఫొటోల్లోనూ. వాళ్ల కొలతలు తీసేశాం. మీదొక్కటే నిలబడింది.” కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “ఆ మరక అన్నది కొట్టేసి తోకచుక్క అని రాస్తారా?”

“వద్దండీ. ఆ రాత్రి నాకు కనబడింది మరకే.”

ఫోన్ పెట్టేసి, ఆమె సంతోషంగా ఆ మాట మరిదికి చెప్పింది.

“నెలరోజులుగా వెతుకుతున్నాను వదినా,” అన్నాడు మరిది. “మీరేమో దాన్ని మూడుసార్లు తుడిచిపారేయబోయారు.”

ఆమె నవ్వుతూ కలం తీసి, పాత మాట మీద గీత పడకుండా, కింద ఇవాళ్టి తేదీ వేసి ఇంకో వాక్యం చేర్చింది: “మరక కాదు, మా మరిది తోకచుక్క. అద్దం శుభ్రంగానే ఉంది.”