సగం మాత్ర

గుండె జబ్బంటే నీళ్ళు తగ్గించాలని చెప్పిన గుడివాడ డాక్టరు గోవర్ధనరావు నోట్లో మన్ను పడ. మా ఆయన పిచ్చేశ్వరరావు పెడన కాలవలో నడుంలోతు నీళ్ళలో నిలబడి అద్దకం బట్టలు జాడించే మనిషి. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో, ఎండలు ముదిరే రోజుల్లో, పనిలో ఉండగానే తూలి నీళ్ళలో పడిపోయాడు. ఆయన పని జోడీ ముక్తారన్నయ్య జుట్టు పట్టుకుని పైకి లాగకపోతే ఆ రోజే నా బొట్టు చెరిగిపోయేది. గోవర్ధనరావు గొట్టం పెట్టి విన్నాడు. గుండెలో చప్పుడుంది, గుండె నీరసించింది అన్నాడు. బలానికి చుక్కల మందు రాసి, రోజుకు రెండు గ్లాసులకు మించి నీళ్ళు తాగకూడదన్నాడు.

ఆ ఎండల్లో మనిషికి రెండు గ్లాసులు. నేనే కొలిచి పోశాను. ఇంకొంచెం పొయ్యవే సీతారావమ్మా అని ఆయన బతిమాలితే తిట్టాను కూడా. నెల తిరక్కుండా మూడుసార్లు పడిపోయాడు. మళ్ళీ గుడివాడ వెళ్ళి ఇదేమిటండీ అని అడిగితే, డాక్టరు మీరా నేనా అని చుక్కలు పెంచి పంపాడు.

చివరికి ముక్తారన్నయ్యే మమ్మల్ని రైలెక్కించి మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ తెలుగు వచ్చిన కుర్ర డాక్టరు ఒకాయన నాలుగు రోజులు అన్ని పరీక్షలూ చేసి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"మీ ఆయన గుండె నీరసించలేదమ్మా. లోపలి గోడ మందంగా పెరిగి, రక్తం బయటికొచ్చే దారికి అడ్డం పడుతోంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటే దారి అంత మూసుకుపోతుంది. ఒంట్లో నీరు తగ్గినా అంతే."

"మరి ఆ చుక్కలు?"

"గుండెని ఇంకా గట్టిగా కొట్టించాయి."

నా ఒళ్ళు మండిపోయింది. గోవర్ధనరావు మీద మండింది, కొలిచి పోసిన నా చేతుల మీద అంతకంటే ఎక్కువ మండింది. కోత పెట్టి ఆ కండ తీసే ఆపరేషను పైదేశాల్లో చేస్తున్నారట, ఈయనకి అంత అవసరం లేదట. గుండె దూకుడు తగ్గించే మాత్ర కొత్తగా వచ్చిందట. రోజుకు మూడు, పూటకొకటి, నిండు మాత్ర. ఒక్క పూట మానినా తగ్గించినా ప్రమాదం. నీళ్ళు బాగా తాగాలి. బరువులెత్తకూడదు, కాలవలో దిగి జాడించే పని ఇక మర్చిపోవాలి. ఆఖరు మాట వినగానే మా ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఎందుకు తిప్పుకున్నాడో గట్టు మీద పనిచేసేవాళ్ళకి తెలుస్తుంది. జాడింపు ఒక్కడు చేసేది కాదు. బారెడు తానుకి చెరో కొస పట్టుకుని ఇద్దరు నిలబడాలి. కూలి మనిషికి కాదు, జోడీకి ఇస్తారు. అన్నం, బీడీ, వలలో పడ్డ చేప, ఏదైనా సగం సగం. ఒకడు పెట్టిన సగాన్ని రెండోవాడు వద్దంటే మొహాన ఉమ్మినట్టే. జోడీ తెంచుకోవాలంటే మేస్త్రి ముందు నిలబడి 'వీడి కొస నేను పట్టను' అనాలి. అన్నవాణ్ణి అనిపించుకున్నవాడు మళ్ళీ ఇంటి గుమ్మం తొక్కనివ్వడు. మా ఆయన, ముక్తారన్నయ్య పద్ధెనిమిదేళ్ళ జోడీ. ఒకరినొకరు బావా అనుకుంటారు, నేను ఆయనకి చెల్లెమ్మని.

ఇంటికొచ్చాక రెండు నెలలు నా కళ్ళెదుటే మాత్రలు మింగాడు. ఒక్కసారి కూడా తూలలేదు. అప్పుడు ముక్తారన్నయ్య మేస్త్రి ధనరాజుతో మాట్లాడాడు. "బావ గట్టు మీద కూర్చుని బట్టలు ఆరేస్తాడు. రెండో కొస గుంజకి కట్టి నీళ్ళలో పని నేను చూసుకుంటా. జోడీ జోడీయే" అన్నాడట. నేను సంతోషించాను. చీకటితో వెళ్ళి చీకటి పడ్డాకే వస్తారు కాబట్టి, రోజూ మూడు మాత్రలు పొట్లం కట్టి మా ఆయన మొలలో దోపేదాన్ని. సాయంత్రం పొట్లం ఖాళీగా వచ్చేది.

కార్తీకం వెళ్ళిన వారానికి గట్టు మీద మళ్ళీ పడిపోయాడు. నాలుగు రోజులకి ఇంకోసారి. ఇంకేముంది, మాత్రలు కల్తీవని నాకు రూఢి అయిపోయింది. మద్రాసు నుంచి తెప్పించి అమ్మేది గుడివాడ మందులషాపు నాగేశ్వరరావు. సీసా పట్టుకుని వెళ్ళి బజారంతా వినేట్టు దులిపేశాను.

"సుద్దముక్కలు అమ్ముతావటయ్యా? నీ ఇంట్లో మనిషికైతే ఇవే పెడతావా?"

"ఇదే పెట్టెలోవి మా నాన్నకి పెడుతున్నానమ్మా. బాగానే ఉన్నాడు" అన్నాడు పాపం, మెల్లగా. నేను నమ్మితేగా. నోటికొచ్చినవన్నీ అని రైలెక్కాను.

పెడనలో దిగేసరికి ముక్తారన్నయ్యకి ఊపిరాడటం లేదని, బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పారు. అదే రైల్లో మళ్ళీ ఎక్కి బందరు వెళ్ళాను. మంచం మీద అన్నయ్య కూర్చునే ఉన్నాడు, పడుకుంటే గాలి అందటం లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఛాతీలోంచి పిల్లికూతలు వరండా దాకా వినిపిస్తున్నాయి. చలికాలంలో ఆయనకి ఉబ్బసం కొద్దిగా రావడం మామూలే. ఇంత ఎప్పుడూ లేదు. భార్య సాబిరా వీపు రాస్తోంది. డాక్టరమ్మ ఎలీసబెతు సూది ఇస్తూ, ఈ మధ్య ఏ మందు తిన్నాడని అడిగింది. ఏమీ తినలేదమ్మా అంది సాబిరా.

గోడ పక్కన నిలబడ్డ మా ఆయన మొలలోంచి పొట్లం తీశాడు. అందులో సగం మాత్ర ఉంది.

"ఇది తిన్నాడండీ. రోజుకు మూడు సగాలు."

డాక్టరమ్మ ఆ ముక్కని తిప్పి చూసి, పేరడిగి, నెత్తి కొట్టుకున్నంత పని చేసింది. "గుండె నెమ్మదించే మాత్ర ఇది. ఉబ్బసం ఉన్నవాడికి గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి. ఇంకో రెండు రోజులు తిని ఉంటే శవాన్ని తెచ్చేవాళ్ళు" అంది.

వరండాలోకి లాక్కొచ్చి అడిగాను. కొట్టలేదు, అంతే తక్కువ.

"బుర్ర ఉందా నీకు? డాక్టరు నిండు మాత్ర అన్నాడా లేదా?"

"వాడు ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నాడు. సగం కూలి నాకిస్తున్నాడు. నేనేం పెట్టాను వాడికి?" అన్నాడు. "చలి మొదలయ్యాక నాలాగే వాడికీ ఆయాసం వస్తోంది. నాకు తగ్గింది కదా, వాడికీ తగ్గుతుందనుకున్నా."

"ఆయన వద్దనలేదా?"

"జోడీ పెట్టింది వద్దంటాడా?"

ఇద్దరు ముసలి మొద్దులు. ఒకడు చస్తూ పెట్టాడు, ఒకడు చస్తూ తిన్నాడు. నేనేమో గుడివాడ బజార్లో పుణ్యాత్ముణ్ణి పట్టుకుని దొంగని చేసొచ్చాను.

నాలుగు రోజులకి ముక్తారన్నయ్య తేరుకున్నాడు. తేరుకోనిది మా ఆయన. మాత్ర ముట్టనని కూర్చున్నాడు. "నా మందు వాణ్ణి చంపబోయింది. వాడు తినకూడనిది నేను తినను. పోతే పోతాను" అన్నాడు. తిట్టాను, ఏడ్చాను, అన్నంలో నూరి కలిపాను. చేదు తెలిసి కంచం పక్కకి నెట్టాడు. మూడోరోజు పొద్దున్న గుమ్మం దగ్గర కుప్పకూలి, కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ నేనేం చేశానో నాకు గుర్తులేదు. తెరిచాక కూడా వద్దన్నాడు.

అన్నయ్య మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"జోడీ తెంచెయ్యి" అన్నాను.

సాబిరా ఉలిక్కిపడి నా వైపు చూసింది.

"మీ ఇద్దరి మంచితనం నా కొంప ముంచుతోంది. నువ్వు తినకూడనిది తనూ తిననని పంతం పట్టి కూర్చున్నాడు. నువ్వు జోడీవి కాకపోతే ఆ పంతం ఎవరితో?"

"తెంచితే సరిపోదు చెల్లెమ్మా" అన్నాడు అన్నయ్య. "ఉత్తినే తెంచితే నాకోసమే తెంచానని కనిపెట్టేస్తాడు. మీద పడి మళ్ళీ కలుపుకుంటాడు. వాడికి కోపం రావాలి. కోపమొస్తే బతుకుతాడు. వాడికి ప్రాణం మీద కంటే పంతం మీద ఆశ ఎక్కువ." మళ్ళీ తనే, "నువ్వు ఎప్పటికీ చెప్పకూడదు మరి" అన్నాడు. సరేనన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో ఇప్పటికీ తెలీదు.

ఆదివారం గట్టు మీద ధనరాజు ముందు, పాతికమంది జాడింపువాళ్ళ ముందు, ముక్తారన్నయ్య గుంజ ఆసరాతో నిలబడ్డాడు. ఇంకా సరిగ్గా ఊపిరి అందటం లేదు.

"వీడి కొస నేను పట్టను. రోగిష్టివాణ్ణి మోసి మోసి నా ఒళ్ళు గుల్లయింది. కూర్చోబెట్టి కూలి పెడుతుంటే, విశ్వాసం లేకుండా విషం పెట్టాడు నాకు" అన్నాడు.

మా ఆయన మొహం నెత్తురు లేనట్టు తెల్లబోయింది. తుండు దులిపి భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు. నేను వెనకాలే పరుగెత్తాను. వచ్చీరాగానే సీసా తీసి ఒక మాత్ర అరచేతిలో వేసుకున్నాడు.

"వాడి కళ్ళముందే నూరేళ్ళు బతుకుతాను, చూడు" అని నిండు మాత్ర మింగాడు.

ధనరాజు ఆయన్ని షెడ్డులో బట్టల మీద అచ్చులు వేసే పనికి మార్చాడు. కూర్చుని చేసే పని. ముక్తారన్నయ్య వేరే జోడీ చూసుకున్నాడు. ఇద్దరూ ఎదురుపడితే ఈయన రోడ్డు మారతాడు. నేను ఒక్కదాన్నే కనబడితే అన్నయ్య అటూ ఇటూ చూసి, "తింటున్నాడా చెల్లెమ్మా?" అని అడుగుతాడు. తింటున్నాడన్నయ్యా అంటాను. ఆయన తలూపి వెళ్ళిపోతాడు.

ఆర్నెల్లయింది, మా ఆయన ఒక్కసారి కూడా పడిపోలేదు. పూటపూటకీ మాత్ర చేతిలోకి తీసుకుని ముందు ముక్తారుని తిడతాడు. పద్ధెనిమిదేళ్ళు కంచం పొత్తు తిన్న ద్రోహి అంటాడు, కాలవలోంచి లాగకపోయినా బాగుండేదంటాడు. ఒక్కోరోజు ఆ కోపం చల్లబడుతుంది. మాత్ర చేతిలోనే పెట్టుకుని కాలవ వైపు చూస్తూ కూర్చుంటాడు, మింగడు. అప్పుడు నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన నిలబడి, మా ముక్తారన్నయ్యని నేనూ తిడతాను.