అక్క ముందుపన్ను

పళ్ళ సెట్లు చేయడం నా పని. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు, నేను మైనంలో పళ్ళు పేర్చి సెట్టు తయారుచేస్తాను. ముప్పై ఏళ్ళుగా నా చేతిలోంచి వంకరపన్ను ఒక్కటి కూడా బయటికి పోలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు.

అలాంటి నా దగ్గరికి మా అక్క నోటి అచ్చు వచ్చింది. పళ్ళన్నీ కదిలిపోయి తీయించేసుకుంది. పెట్టె విప్పి, ఆ అచ్చులో ముందుపన్ను ఉండే చోటే ముందు చూశాను. అక్క ముందుపన్ను మూల విరగ్గొట్టింది నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, తనకు పన్నెండు. గ్లాసెత్తి నీళ్ళు తాగుతుంటే వెనకనుంచి తోశాను. అమ్మ అడిగితే "మెట్ల మీద జారిపడ్డాను" అంది. ఈనాటి వరకూ ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు. కానీ ఏడాదిపాటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

ఇన్నాళ్ళకు ఆ తప్పు దిద్దుకునే వీలు దొరికింది. పదకొండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. స్కేలు పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా లేని సెట్టు చేసి డాక్టరుకు పంపాను. నా జన్మలో అంత మంచి పని చేయలేదు.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "రారా" అంది.

"నొప్పా?"

"లేదు."

"జారుతోందా?"

"ఉహూ. చాలా బాగా చేశావురా."

"మరి ఆ చెయ్యేంటి?"

లోపల్నుంచి బావ అందుకున్నాడు. "నన్నడుగు, చెప్తా. మీ అక్క నవ్వితే ఎవరో పెద్దింటావిడ దారితప్పి మనింటికొచ్చినట్టుంది. నిన్న కాఫీ ఇస్తే థాంక్సండీ అన్నాను."

"మీరూరుకోండి" అని అక్క నా పక్కన కూర్చుంది. "ఏమనుకోకురా. ఇది నా నోరులా లేదు. పొద్దున లేస్తూనే నాలుక ఆ విరిగిన మూల కోసం వెతుక్కుంటోంది. కాస్త అరగదీసి ఇవ్వవూ?"

నాకు ఒళ్ళు మండింది. "లోకమంతా వంకరలు తీయించుకోడానికి నా దగ్గరికొస్తే నువ్వు పెట్టమంటావా? ఏ తప్పూ లేకుండా చేసిస్తే దానికీ వంకేనా?"

"అది తప్పని నేనెప్పుడన్నా అన్నానా?"

నిజమే, ఎప్పుడూ అనలేదు. యాభై ఏళ్ళుగా నేను ఆ పన్నులో నా తప్పునే చూసుకున్నాను. అక్క ఆ పన్నుతోనే పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని ముద్దాడింది, బావతో పోట్లాడింది.

సంచిలోంచి ఆకురాయి తీశాను. అక్క సెట్టు తీసి నా చేతిలో పెట్టింది. ఏ పన్ను, ఎంత మేర, వాలు ఎటు అని నేనెవర్నీ అడగలేదు. కొలత లేకుండా పని చేయడం నాకదే మొదలు. నాలుగుసార్లు గీరాను, ఐదోసారి గీరబోయి ఆగాను.

అక్క పెట్టుకుని నాలుకతో తడుముకుంది. చెయ్యి ఒళ్ళోకి దించుకుంది.

"సరిగ్గా ఇంతే" అంది. "ఎలా గుర్తుందిరా నీకు?"

"విరగ్గొట్టింది నేనేగా" అన్నాను. ఆ మాట పైకి అనడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

బావ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మెట్ల మీద జారిపడ్డానన్నావు కదే నాతో?"

అక్క నోరంతా తెరిచి నవ్వింది.