మడతలో మిగిలిన గుడ్డ

ఎవరి బట్టలు కుట్టినా లోపలి మడతలో రెండు వేళ్ళ గుడ్డ వదిలిపెట్టడం ఆవిడ అలవాటు. "మనుషులు ఒళ్ళు చేస్తారు, గుడ్డ చెయ్యదుగా" అనేది. ఇప్పుడా మిగులు ఆవిడకే అక్కరకొచ్చింది. చలికాలం మొదట్లో గౌను నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేసుకుంది. మళ్ళీ బిగిసింది. మళ్ళీ విప్పింది. కడుపుబ్బరం పొద్దున లేచేసరికి కూడా తగ్గడం లేదు. రెండు ముద్దలకే చాలనిపిస్తోంది. "గ్యాసే" అని గోడకు చెప్పుకుంది. భర్త పోయాక ఆ ఇంట్లో ఆవిడ మాట వినేవి గోడలూ కుట్టుమిషనూనే.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు తన కోటుకు గుండీలు మార్పించుకుందామని వచ్చింది. అన్న పోయాక పని ఉంటే తప్ప గడప తొక్కడం మానేసింది. మిషను మీదున్న గౌను ఎత్తి చూసింది.

"ఇవేం కొలతలొదినా? నడుము విప్పావు, చేతులేమో బిగించావు. ఎవరిదీ విడ్డూరం?"

కోటుకున్న పాత గుండీలు కత్తిరిస్తూ ఆవిడ తలెత్తలేదు. "ఒక గిరాకీది."

"నెలలు నిండిన పిల్లా?"

"నా ఈడుదేలే."

ఆడపడుచు నవ్వబోయి ఆగింది. "చేతులు చిక్కి పొట్ట పెరిగితే దాన్ని ఒళ్ళు చెయ్యడం అనరు. డాక్టరుకు చూపించుకోమను."

"చెప్తాలే. గుండీలు నల్లవి వెయ్యనా?"

ఆడపడుచు వెళ్ళాక ఆవిడ గౌను తిరగేసింది. లోపల విప్పడానికి ఇంక గుడ్డ లేదు. పాత కుట్ల చిల్లులు మాత్రం వరసగా ఉన్నాయి.

మర్నాడు డాక్టరమ్మ పొట్ట మీద వేళ్ళతో తట్టి చూసింది. "మలబద్ధకం కావచ్చు, మీరు వేసుకునే మాత్రల వల్ల కావచ్చు. లోపల నీరు చేరినా, అండాశయంలో గడ్డ ఉన్నా ఇలాగే ఉంటుంది. ఈ వయసులో కొత్తగా వచ్చి తగ్గని ఉబ్బరాన్ని గ్యాసని వదిలెయ్యకూడదు. రేపు స్కానింగ్ తీద్దాం. ఎవర్నయినా తోడు తెచ్చుకోండమ్మా."

గడ్డ అన్న మాటకు నిబ్బరంగానే ఉన్న మనిషి, తోడు అన్న మాటకు తలవంచుకుంది.

సాయంత్రం దాకా తటపటాయించి ఫోను తీసింది. "నిన్న ఆ గిరాకీ అన్నానే..."

ఆడపడుచు మాట పూర్తి కానివ్వలేదు. "ఆ గౌను గుడ్డ నేను కొనిచ్చిందే కదొదినా. రంగు బాలేదని సణిగావు కూడా."

"తెలిసీ ఊరుకున్నావేం?"

"పరాయిదానికి చెప్పినట్టు చెప్పావు. నాకూ రోషం వచ్చింది. ఇంటికొచ్చానన్నమాటేగానీ నిద్ర పడితేనా! ఎన్నింటికి రమ్మంటావు?"

"పొద్దున్నే. కోటు ఇంకా కాలేదు."

"కానియ్యకు. మళ్ళీ రావడానికి ఓ పనుండాలిగా."

ఫోను పెట్టేయగానే ఇల్లు మళ్ళీ మూగబోయింది. పొద్దున వేసుకోవడానికి నడుము పట్టే గౌను ఒక్కటీ లేదు. పాత గౌనుకే పక్క కుట్టు కాస్త విప్పి, తెరిచే ఉంచి వేసుకుంది. అది కనబడకుండా పైన ఆడపడుచు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. గుండీలు లేవు కనక పట్టింది.