చెంచురామయ్య చుట్టనిప్పు

ప్రచండమార్తాండకిరణసంతప్తమైన నల్లరేగడి నెఱ్ఱెలువాఱి నోళ్లు తెఱచుకొని వానకై యెదురుచూచుచుండగా పడమటిగాలి గడ్డివాముల తలలు రేపుచు గుండ్లకమ్మ యొడ్డుననున్న చిలకలేటిపాడును దుమ్ముతో గప్పివేయుచున్న యా జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున ఊరిలో సుఖముగా కన్నుమూసి నిదురించినవాడు చెంచురామయ్య యొక్కడే. పరుల పొలముపై కన్నువేసినవానికి కునుకెట్లు పట్టునో యా పరమేశ్వరునకే యెఱుక. గడచిన కార్తికమున వఱద గట్టుఱాళ్లను పెకలించుకొనిపోగా నీరు తీసిన మఱునాడే నాగలి పూన్చి మాలకొండయ్య చేనిలోనికి కొంతమేర చొచ్చి దున్నుకొన్న ఘనుడతడు. కొన్ని ఱాళ్లను వఱద గొనిపోయెను. మిగిలినవానిని చెంచురామయ్య గొనిపోయెను.

మాలకొండయ్యకు నెమ్మది లేకుండుటకు చేనొక్కటియే హేతువు గాదు. మీసము మొలవకమున్నే పెదవినంటుకొన్న చుట్టను అతడు ఉగాదినాడు విడిచిపెట్టెను. అంతకుముందు మాఘమున చేను దున్నుచు ఎడ్లను అదలింపబోయి కేక సగములో తెగి దగ్గుతెర క్రమ్ముకొనగా మేడి పట్టుకొని చాలునడుమ కూలబడెను. మూగజీవములు వెనుదిరిగి చూచి తమంతట నిలిచినవి. అట్టి దగ్గుతోడనే అతని తమ్ముడు పోయి యేడాది తిరుగలేదు. భార్య యోబులమ్మ ఆ సాయంకాలము తిట్టలేదు. తిట్టియున్న బాగుండెడిది. ఉగాదినాడు అతడు వ్రతము పట్టగానే గోగునార కట్ట యొకటి తెచ్చి యతని ముందు బడవేసి యిట్లనెను:

“మామా! చేతులూరకున్న నోరూరకుండదు. చుట్టపై మనసు పోయినప్పుడెల్ల త్రాడు పేనుము. త్రాడెంత పెరిగిన నీవంత గెలిచినట్లు.”

నాటినుండి త్రాడు పెరుగుచునే యుండెను గాని నోరు మాత్రము ఊరకుండలేదు. ఉసిరిక యొరుగు చప్పరించును, ఉమియును. శొంఠిముక్క కొఱుకును, విసరివేయును. అరుగుపై గూర్చుండి లేచును, లేచి యెందులకు లేచెనో తెలియక మరల గూర్చుండును. కట్టియున్న దూడను విప్పి కట్టి మరల విప్పి కట్టగా దూడకే విసుగు పుట్టి మోకాలిపై తన్నెను. ఇంతలో పొరుగువాకిటి పొగ గోడ దాటి రాగా ముక్కుపుటము లదరి కాళ్లు తమంతట అటు సాగెను. ఓబులమ్మ ద్వారబంధమున కడ్డముగా నిలిచెను.

“ఈ యావ గాలివంటిది మామా. వచ్చును, పోవును. నీవు గుంజవలె నిలువుము.”

“గుంజకు నోరుండదు గదే!”

“ఉండదు గనుకనే పందిరి పడిపోకున్నది.”

మాలకొండయ్యకు నవ్వును గోపమును ఒక్కమాఱే వచ్చెను. అతడు మరల నార చేతబట్టెను.

ఇట్లుండగా చేనితగవు మునసబు వీరరాఘవయ్య యరుగునకు వచ్చెను. ఆ యూర దస్తావేజులు వ్రాసికొనువారు తక్కువ. తగవు తీఱినపుడు ఇచ్చువాని చుట్టనుండి పుచ్చుకొనువాడు తన చుట్ట ముట్టించుకొని యొక్క గ్రుక్క పీల్చెనా ఇచ్చినది ఇచ్చినట్లే. నిప్పు నిరాకరించెనా సొత్తును నిరాకరించినట్లే. దానిని నిప్పుపొత్తందురు. తాతలనాటి కట్టడి.

చెంచురామయ్య తీఱికగా చుట్ట ముట్టించి పలికెను: “తగవెందులకు మునసబుగారూ? చేను మా బావది కాదని నేనెన్నడంటిని? యావత్తును విడిచితిని. వచ్చి నా నిప్పు పుచ్చుకొమ్మనుడు.”

వ్రతము సంగతి ఊరెల్ల నెఱుగును గనుక అరుగుపై ముసిముసినవ్వులు పాకెను.

“ఆచారమున కొకింత సడలింపు లేదా? నీళ్లు ముట్టి ప్రమాణము చేసికొందము” అనెను మాలకొండయ్య.

“తాతలు పెట్టిన నిప్పును నీళ్లు చల్లి యార్పెదవా? మా యక్క పేనించుచున్న త్రాడు నీ మెడకేనా బావా?”

“ఒక్క గ్రుక్క నాయనా, ప్రాణము పోవునా?” అని మునసబు బుజ్జగించెను. “కోర్టుకెక్కితివా, చేనమ్మి చేను గెలువవలసివచ్చును.”

నిజమే గదా యని మాలకొండయ్య మునసబు ముందునకు జరపిన పళ్లెములోని చుట్టను దీసికొనెను. తీసికొన్నంతనే ఉగాదినుండి వణకుచున్న వ్రేళ్లు నిలుకడ జెందెను. నోట నీరూరెను. తప్పిపోయిన బిడ్డ వీథిమలుపున కనబడిన తల్లికివలె ఱొమ్ము పొంగెను. చెంచురామయ్య చాచిన నిప్పు జానెడు దూరమునకు వచ్చెను. అప్పుడాతడు తన పొంగును తానే పోల్చుకొనెను. చేను దక్కుచున్నదన్న పొంగు గాదది. చేను మాట యప్పటికే మఱచెను. ఆహా, నేడు చేను పేరు చెప్పి వచ్చినది రేపు వాన పేరు చెప్పి వచ్చును, ఎల్లుండి చావు పేరు చెప్పి వచ్చును. చుట్టకు సాకులు కఱవా?

అతడు చుట్టను పళ్లెములో బెట్టెను. పళ్లెమును మునసబు వైపు త్రోసెను.

“నీ నిప్పు నీయొద్దనే యుండనిమ్ము చెంచురామయ్యా. నీవు చొచ్చిన మేర నీవే దున్నుకొనుము.”

ఎవ్వరును భళీ యనలేదు. వెఱ్ఱివాడని కొందఱు, పెండ్లాము మాటకు నేల పారవైచినవాడని కొందఱు నవ్వుకొనిరి. ఇంటికివచ్చి చెప్పగా ఓబులమ్మ సయితము చేనికొఱకు కన్నీరుమున్నీరుగా నేడ్చెను. ఏడ్చి ముక్కు చీది చూరున వ్రేలాడుచున్న గోగునార త్రాటిని దింపి భుజమున వైచుకొనెను.

“హద్దు మనమే కట్టుకొందము రమ్ము మామా. లేకున్న మిగిలినదియు దున్నును.”

తొలకరి పడిన మఱునాటి యుదయమున మట్టి కమ్మని తావి విసరుచుండగా ఆలుమగలు మేకులు దిగగొట్టి ఆ త్రాటిని చేని యీ కొననుండి యా కొనకు బిగించిరి. ఎన్ని యావలు, ఎన్ని యరాటములు, ఎన్ని రేపవళ్లు అందు ముప్పేటగా పేనబడెనో గాని త్రాడు చాలెను, ఇంకను మిగిలెను. మేకు కొట్టునప్పుడును అతని నోరు చుట్టకై తడవులాడుచునే యుండెను. ఆ యావ చచ్చినదని యెవడైన చెప్పిన నమ్మకుడు.

త్రాటి కావల చెంచురామయ్య గట్టుపై గూర్చుండి దగ్గుచు పొగ వదలుచుండెను. ఈవల మాలకొండయ్య నాగలి పూన్చి యెడ్లను ఎలుగెత్తి యదలించెను. చాలు చివఱిదాక ఆ కేక తెగలేదు. దానికై యతడు చెల్లించినది నలుబదిమూడు సెంట్ల నల్లరేగడి.