లిందెల్వా టీచర్‌గారు

దక్షిణ కొరియాలో, గొహూంగ్ సముద్రతీరంలో మేము పనిచేసిన మిడిల్ స్కూలు ఇప్పుడు లేదు. పిల్లలు తగ్గిపోయి, ఆరేళ్ళ కిందట మూసేశారు. మొన్నామధ్య అటుగా వెళ్తూ కారు ఆపి చూశాను. గేటుకి తాళం వేసి ఉంది. ఆటస్థలంలో నడుమెత్తు గడ్డి. రెండో అంతస్తులో కుడివైపు మూడో కిటికీని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నాకు పాఠం చెప్పడం వచ్చింది ఆ గదిలోనే. నేర్పింది లిందెల్వా.

2009లో నాకు ఇరవయ్యారేళ్ళు. ఉపాధ్యాయ నియామక పరీక్ష రెండుసార్లు తప్పాను. ఏడాది ఒప్పందం మీద అక్కడ ఇంగ్లీషు చెప్పడానికి చేరాను. పర్మనెంటు వాళ్ళ పేర్ల చివర అందరూ "గారు" చేర్చేవాళ్ళు. నన్ను మాత్రం వైస్ ప్రిన్సిపాల్ యొమ్ గారు వట్టి "తాక్ టీచర్" అనేవారు. ఆ ఒక్క "గారు" ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఎంత దూరముందో మా దగ్గర అది లేనివాళ్ళకే తెలుస్తుంది.

ఆ ఏడు మార్చిలో బడి తెరిచిన రోజే లిందెల్వా మఖుబాలో వచ్చారు. దక్షిణాఫ్రికా, పోర్ట్ ఎలిజబెత్ ఊరు. నలభై ఎనిమిదేళ్ళు. భర్త పోయాక, కూతురు నర్సు చదువులో ఉండగా, అక్కడి ఒక బడిలో ఇంగ్లీషు విభాగానికి పెద్దగా చేస్తున్న ఉద్యోగం వదులుకుని వచ్చారు. ఆ బడిలో ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పారు. ఆవిడ కాగితాలు చదివి మొదటిరోజే నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే పద్ధతి ప్రకారం ఇంగ్లీషు తరగతిలో నేను ప్రధాన ఉపాధ్యాయిని, ఆవిడ నాకు సహాయకురాలు.

స్టాఫ్ మీటింగులో యొమ్ గారు ఆవిడను నిలబెట్టి పరిచయం చేశారు.

"ఈవిడ మనకొచ్చిన ఇంగ్లీషు సహాయకురాలు. తాక్ టీచర్‌కి చేదోడుగా ఉంటుంది. మార్కులు వేయడం, తరగతి బాధ్యత చూడడం ఇలాంటివేవీ ఈవిడ పని కాదు. ఏదైనా కావాలంటే తాక్ టీచర్‌ని అడగండి."

లిందెల్వా నా వైపు వంగి, "ఏమంటున్నారు?" అన్నారు.

"కొత్త టీచర్ వచ్చారు, ఆదరించండి అంటున్నారు."

"అంతసేపు మాట్లాడింది ఇంతేనా?"

"మా భాషలో మర్యాదలు ఎక్కువ," అన్నాను.

ఆవిడకి జిరాక్స్ మిషను పక్కన బల్ల ఇచ్చారు. మిగతా అందరి బల్లల మీదా పేరు, పాఠ్యాంశం చెక్కిన పలకలుండేవి. ఆవిడ పలక మీద పేరు లేదు. "వొనోమిన్" అని ఒక్కటే ముక్క. ఇంగ్లీషు పుట్టుకతోనే నోటికొచ్చిన మనిషి అని దానర్థం. ఆవిడకంటే ముందు అక్కడ కూర్చున్న కెనడా కుర్రాడిదీ అదే పలక. మనుషులు మారేవాళ్ళు, పలక మారేది కాదు.

నేను చెప్పిన అబద్ధం నెలన్నరే నిలిచింది. ఆవిడ మా అక్షరాలు నేర్చేసుకున్నారు. ఏప్రిల్లో ఒకరోజు వేలు పెట్టి పలక చదివారు.

"వొ... నో... మిన్. ఇది నా పేరు కాదే!"

నేను పలక అర్థమూ, ఆ రోజు మీటింగులో యొమ్ గారన్న మాటలూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. బల్ల గుద్ది మరీ నవ్వారు.

"ఇంగ్లీషు నాకు పుట్టుకతో రావడమా? మా అమ్మకి ఒక్క ముక్క రాదు పిల్లా! నా భాష ఖోసా. ఇంగ్లీషు నేను ఎనిమిదేళ్ళప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నాను, నీలాగే. ఈ పలక రాసినాయన నన్ను పొగిడాడో తిట్టాడో వెళ్ళి కనుక్కో."

ఆ మధ్యాహ్నం తరగతిలో పిల్లలకి ఖోసా మాటలు నేర్పారు. నాలుక అంగిటికి కొట్టి టక్కున చప్పుడు చేయాలి. వారం రోజులపాటు బడంతా ఎక్కడ చూసినా టకటకలే. ఆఖరికి భోజనశాలలో వంటమ్మ కూడా గరిటె ఊపుతూ టక్కుమనిపించింది.

అక్టోబరులో ప్రదర్శన పాఠం వచ్చింది. జిల్లా విద్యాశాఖ నుంచి ఆరుగురు పరిశీలకులు వెనక వరసలో కూర్చుని చూస్తారు. యొమ్ గారు నన్ను పిలిచి గట్టిగా చెప్పారు.

"ప్రతి మాటా ముందే రాయండి. ఏ నిమిషంలో ఏ వాక్యం ఎవరు పలకాలో అంతా కాగితం మీద ఉండాలి. ఆవిడ చదవాల్సింది నాలుగు వాక్యాలు, అంతే."

రాశాను. పిల్లలతో మూడుసార్లు వల్లె వేయించాను. తీరా ఆ రోజు పాఠం మొదలైన ఏడో నిమిషంలో గోడ మీది తెర ఆరిపోయింది. నా పాఠమంతా ఆ తెర మీదే ఉంది. మీట నొక్కాను, వైరు లాగాను. వెనక ఎవరో దగ్గారు. కొరియను మాట కూడా రాలేదు, ఇంక ఇంగ్లీషు ఎక్కడ?

లిందెల్వా తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నెమ్మదిగా నడిచి చివరి బెంచీ దగ్గర ఆగారు. అక్కడ బోమి అనే పిల్ల కూర్చునేది. వాళ్ళమ్మ రేవులో నత్తగుల్లలు ఒలిచి అమ్మేది. బడి తెరిచినప్పట్నుంచీ ఆ పిల్ల ఇంగ్లీషులో నోరు విప్పింది లేదు.

"బోమీ, పొద్దున మీ అమ్మ ఏం అమ్మింది?"

బోమి తల వంచుకుని "నత్తగుల్లలు" అంది, ఇంగ్లీషులోనే.

"నాకూ కావాలి. బాగుంటాయా, కంపు కొడతాయా?"

"బాగుంటాయి!" ఆ పిల్ల తలెత్తింది. అమ్మ సరుకును అంటే ఊరుకుంటుందా?

అంతే. రెండు నిమిషాల్లో తరగతి కాస్తా రేవు బజారైంది. ఒకడు ఆక్టోపస్ అమ్మాడు, ఒకతె సముద్రపు నాచు అమ్మింది. తప్పుల తడకల ఇంగ్లీషులో అరుపులు, బేరాలు. అప్పుడు లిందెల్వా నా భుజం మీద చెయ్యివేసి నన్ను ముందుకి తోశారు. "మీ తాక్ టీచర్‌కి నత్తగుల్లలు కావాలిట! బేరం బాగా ఆడుతుంది, జాగ్రత్త!" అన్నారు. పిల్లలు నా మీద పడ్డారు. నాకు నోరొచ్చింది. గంట కొట్టేదాకా నవ్వుతూనే ఉన్నాను.

పరిశీలకులు చప్పట్లు కొట్టారు. వారం తర్వాత నా పేరు మీద ప్రశంసాపత్రం వచ్చింది. యంత్రం మొరాయించినా ప్రధాన ఉపాధ్యాయిని సమయస్ఫూర్తితో పాఠాన్ని నడిపించిందని అందులో రాశారు. లిందెల్వా పేరెక్కడా లేదు. ఆ సాయంత్రం అందరం కలిసి మాంసం కాల్చుకు తినే హోటలుకి వెళ్ళాం. యొమ్ గారు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, గ్లాసులో పోస్తూ, "తాక్ టీచర్‌గారూ, బడి పరువు నిలబెట్టారు," అన్నారు. మొదటిసారి "గారు" చేర్చారు. ఆ మాట ఎంత తియ్యగా ఉందంటే, నేను నోరు తెరవలేదు. బల్ల ఆ చివర, తలుపు పక్కన, లిందెల్వా ముల్లంగి ముక్కలు తింటూ కూర్చున్నారు.

లిందెల్వాతో కలిసి ఇంటికి నడిచి వెళ్తూ ఏడ్చేశాను. "ఆ పత్రం మీకు రావాలి. నేను చెప్పాల్సింది. చెప్పలేదు," అన్నాను.

ఆవిడ చేతిరుమాలు తీసి ఇచ్చారు.

"అది నీ పరీక్షకి పనికొస్తుందా?"

"రాదు."

"మరి దేనికి పనికొస్తుంది?"

"మా అమ్మ గోడకి తగిలించుకుంటుంది."

"తగిలించుకోనీ. కానీ ఒక మాట విను. నీకు ఇంగ్లీషు వచ్చు, పాఠం చెప్పడం రాదు. రేపట్నుంచి పిల్లలు వెళ్ళిపోయాక ఆ గదిలోకి రా."

రాత్రంతా ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు వెళ్ళాను.

ఏడాది పైన అలా సాగింది; మధ్యలో నా ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించారు. ఆవిడ చివరి బెంచీలో కూర్చునేవారు. ఒకరోజు నిద్రపోయే పిల్ల, ఒకరోజు ఊరికే ప్రశ్నలు వేసే పిల్ల, ఒకరోజు అమ్మానాన్నలు కొట్టుకుంటే ఏడ్చి వచ్చిన పిల్లలా నటించేవారు. నేను బోర్డు వైపు తిరిగి గబగబా రాస్తుంటే వెనక నుంచి అరిచేవారు.

"గోడకి చెప్తున్నావు! గోడకి ఇంగ్లీషు వచ్చేసింది. నాకింకా రాలేదు!"

ఇంకోసారి, "నవ్వు. అంత కాదు. సరుకు అమ్ముకునే మనిషిలా నవ్వకు," అనేవారు. తిట్టినంతసేపు తిట్టి, ఆఖర్న ఫ్లాస్కులోంచి వేడివేడిగా యూజా అనే నిమ్మలాంటి పండు టీ పోసి ఇచ్చేవారు. మా దగ్గర పెద్దవాళ్ళిస్తే పుచ్చుకున్నట్టు, నేను ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అందుకునేదాన్ని. బడిలో ఎవరికి ఎవరు సహాయకురాలో మా ఇద్దరికీ తెలుసు.

2010 చివర్లో రాతపరీక్ష గట్టెక్కాను. జనవరిలో మాదిరి పాఠం చెప్పే పరీక్ష. ముగ్గురు పరీక్షకులు రాతిముఖాలతో కూర్చున్నారు. వాళ్ళలో ఒకరిని నిద్రపోయే పిల్ల అనుకున్నాను, ఇంకొకరిని ఏడ్చి వచ్చిన పిల్ల అనుకున్నాను. ఫలితం వచ్చిన రోజు బడికి పరుగెత్తాను. సెలవుల తరగతి జరుగుతోంది. నన్ను చూసి ఆవిడకి అర్థమైపోయింది. ఖోసాలో ఒక పెద్ద కేక పెట్టి, చేతులు తడుతూ ఆడారు. పిల్లలూ లేచి ఆడారు. నేనూ ఆడాను.

ఆ నెలలోనే ఆవిడ ఒప్పందం ముగిసింది. చిన్న బళ్ళకి ఇక విదేశీ టీచర్లు ఉండరన్నారు. ఆవిడ పాత బడిలోనే విభాగం పెద్ద ఉద్యోగం ఖాళీ అయిందట. వెళ్ళిపోయే ముందు ఆఫీసు నుంచి అనుభవ పత్రం వచ్చింది. హోదా దగ్గర "సహాయకురాలు" అని ఉంది.

రెండేళ్ళలో ఆవిడ నన్ను ఏదైనా సాయం అడగడం అదే మొదటిసారి.

"సిసీ, దీన్ని 'టీచర్' అని మార్చరా? మా దగ్గర సహాయకురాలంటే రంగు పెన్సిళ్ళు చెక్కిచ్చే మనిషి. ఈ రెండేళ్ళూ నేను బళ్ళో లేనట్టే లెక్క. ఆ ఉద్యోగానికి నా పేరు చూడను కూడా చూడరు."

సిసీ అంటే వాళ్ళ భాషలో చెల్లెలు. నేను తిన్నగా యొమ్ గారి గదికి వెళ్ళాను.

"ఒప్పందంలో ఏముంటే పత్రంలో అదే ఉంటుంది," అన్నారాయన తలెత్తకుండా. "మార్చడానికి నేనెవర్ని?"

"సార్, ఆ రోజు ప్రదర్శన పాఠం చెప్పింది నేను కాదు. ఆవిడ."

పెన్ను పక్కన పెట్టారు.

"నాకు తెలుసు."

"మీకెలా తెలుసు?" అన్నాను.

"తెర ఆరిపోయినప్పుడు మీ మొహం చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది నేను బళ్ళో చేరి. పాఠం ఎవరు చెప్తున్నారో తెలీదా?"

"తెలిసి మరి..."

"ప్రశంసాపత్రం కోసం పంపే ఫారంలో ఆవిడ పేరు రాయడానికి గడి లేదు," అన్నారు. తర్వాత తనలో తను గొణుక్కున్నట్టు, "గడి లేకపోతే పక్కన రాయొచ్చు. రాయలేదు," అని కిటికీ వైపు తిరిగారు. ఇక వెళ్ళమని చెయ్యి ఊపారు.

మర్నాడు పొద్దున పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. టైపు చేసింది కాదు, చేతిరాత. అడుగున, సంతకం బదులు, ఆయన సొంత ఎర్రముద్ర.

"ఇంగ్లీషులోకి మార్చండి. ఒక్క మాట కూడా తగ్గించొద్దు. మొదటిరోజు మీటింగులో మీరెంత తగ్గించారో నేను చూశాను."

అందులో ఇలా ఉంది. "మా పత్రాల్లో ఈమెను సహాయకురాలు అని రాశాము. అది పత్రాల అలవాటు. రెండేళ్ళలో ఈమె ఎవరికీ సహాయకురాలిగా ఉండగా నేను చూడలేదు. ఈమె నూట ఏడుగురు పిల్లలకు, ఒక ఉపాధ్యాయినికి చదువు చెప్పారు. ఇది ముందే రాయనందుకు సిగ్గుపడుతున్నాను. లిందెల్వా మఖుబాలో టీచర్‌గారు మా బడి ఉపాధ్యాయిని."

అంతా మార్చగలిగాను గానీ, చివరి "గారు"ని ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఆవిడకి నోటితో చెప్పాను.

"ఆ చిన్న ముక్కకి ఇంత గొడవా?"

"ఆ చిన్న ముక్కకే."

కాగితం రెండుసార్లు చదువుకుని, బైబిలు మధ్యలో పెట్టుకున్నారు. కన్నీళ్ళు తుడుచుకోలేదు. వాటిని అలాగే కారనిచ్చారు.

బస్‌స్టాండులో పిల్లలు నలభైమంది దాకా వచ్చారు. యొమ్ గారు కూడా వచ్చారు, కోటు గుండీలన్నీ పెట్టుకుని. ఆవిడ ముందు నడుం వంచి, "లిందెల్వా టీచర్‌గారూ, చాలా శ్రమపడ్డారు," అన్నారు. పని ముగించినవాళ్ళకి మేము కృతజ్ఞతగా చెప్పే మాట అది. ఆవిడా అంతే వంగి, కొరియనులో, "మీరూ శ్రమపడ్డారు, వైస్ ప్రిన్సిపాల్ గారూ," అన్నారు. యాస ఎక్కడా తేడా లేదు.

మే నెలలో ఉత్తరం వచ్చింది. ఉద్యోగం వచ్చిందట. ఎంపిక సంఘం వాళ్ళు ఎర్రముద్రను వెలుగుకి పట్టి చూశారట. "ఇది రాసినాయన మంచివాడా?" అని అడిగారట. "ఆలస్యంగా," అని ఆవిడ జవాబిచ్చారట.

2023 వేసవి సెలవుల్లో నేను వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ రిటైరయ్యారు, మోకాళ్ళు అరిగాయి. చేపలు కొందామని బజారుకి బయల్దేరాం. పావుగంట నడక గంటన్నర పట్టింది. అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి, "తిత్షలకాజీ!" అంటూ చేతులు పట్టుకునేవారు. వాళ్ళ భాషలో టీచరమ్మ అని. బస్సు డ్రైవరు, బ్యాంకు గుమాస్తా, పిల్లని చంకనేసుకున్న తల్లి. చేపల కొట్టతను నన్ను చూపించి ఏదో అడిగాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఖోసాలో జవాబు చెప్పారు. అతను నవ్వి నాకు తల వంచి నమస్కరించాడు.

"ఏం చెప్పారు?" అన్నాను.

"నాతో పనిచేసిన టీచర్ అన్నాను. బాగా చెప్తుందన్నాను."

"అంతేనా? చాలాసేపు మాట్లాడారు."

"మా భాషలోనూ మర్యాదలు ఎక్కువే," అన్నారు. సంచీ నా చేతికిచ్చి చేపల బేరంలో పడ్డారు. అతను చెప్పిన ధరకి సగం దగ్గర మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి విన్నాను. ఆవిడ పక్కన అలా నిలబడి పన్నెండేళ్ళయింది.