తెల్లరాళ్లమిట్ట గని సైరన్

నేను ఒక సైరన్‌ని. కరెంటు మీద కూసే రకం కాదు, పక్కనున్న పిడి పట్టుకుని తిప్పితే తప్ప నోరు పెగలని ఇనప గొంతుని. ఏ కార్ఖానాలో పోతపోశారో గుర్తులేదు. బుద్ధి తెలిసేసరికి మద్రాసు హార్బరు దగ్గర ఒక మేడ మీద ఉన్నాను. అది యుద్ధకాలం. విమానాలొస్తాయని నేను కూయడం, జనం మెట్ల కిందికి దూరడం, విమానాలు రాకపోవడం, వాళ్లు బయటికొచ్చి నన్ను తిట్టడం, ఇదీ వరస. బాంబు పడనందుకు సంతోషించాలా వద్దా? మనుషులకి పరుగెత్తిన ఆయాసమే గుర్తుంటుంది. యుద్ధం అయిపోగానే నన్ను వేలం వేశారు.

కొన్నది నెల్లూరు జిల్లాలో ఒక అభ్రకం గని యజమాని. రాపూరు దాటి, బస్సు దారి ముగిశాక కూడా ఇంకా నడవాల్సిన చోట తెల్లరాళ్లమిట్ట ఉంది. గని కోసం వేసుకున్న గుడిసెలే ఆ పల్లె. ఎండ పడితే నేలంతా కాకిబంగారంతో, అదే అభ్రకం ముక్కలతో, తళతళలాడుతుంది. అంత మెరుపు మీద వట్టి కాళ్లతో నడిచి కూలికి పోయేవాళ్లని అక్కడే చూశాను.

నా పని సులువు. రాతికి బెజ్జం వేసి, మందు కూరి, వత్తి అంటించే ముందు నేను కూయాలి. కూత వింటే గోతిలో ఉన్నవాళ్లందరూ పైకొచ్చేస్తారు. పిడి తిప్పేది మస్తానమ్మ. తల్లీతండ్రీ పోతే తమ్ముడు పెంచలయ్యని చంకనేసుకుని ఈ మిట్టకి చేరిన మనిషి. షెడ్డులో అభ్రకం రేకులు ఒలుస్తూ వాణ్ణి పెంచింది. వాడు గోతిలో పనికి కుదిరిన రోజే మేస్త్రీని బతిమాలి నా దగ్గరికి మారింది.

“నా తమ్ముడు దిగే గోతికి నేనే కూత పెడతా” అంది.

పెంచలయ్యకి నా మీద ఎంత భరోసా అంటే, మధ్యాహ్నం గోతి అడుగునే నీడ చూసుకుని కునుకు తీసేవాడు. ఎవరన్నా గదిమితే “అక్క కూత పెడితే లేస్తాలే” అనేవాడు.

గని అప్పటికి యజమాని కొడుకు చేతికొచ్చింది. పేరు భక్తవత్సలం. ఒకరోజు రేకులు కొనే పరదేశపు కంపెనీ పెద్దలు బంగళాకి భోజనానికి వచ్చారు. వత్సలం కబురంపాడు: “వాళ్లు తిని లేచేదాకా ఆ చావు కూత వినపడగూడదు. పని మాత్రం ఆపొద్దు.” గిన్నెలు తోమడానికి మనిషి కావాలని మస్తానమ్మని బంగళాకి పిలిపించారు. కూత లేకుండా రాయి పేలదు కదా అని ఆమె నిశ్చింతగా పోయింది.

మందు పేల్చేవాడు మాలకొండయ్య. గోతి అంచున నిలబడి “పైకి రండ్రా” అని నోటితో అరిచాడు. మెలకువగా ఉన్నవాళ్లు వచ్చారు. రాతి చాటున పడుకున్న పెంచలయ్యకి ఆ అరుపు చేరలేదు. రాయి పేలిన శబ్దం బంగళా వంటింట్లోకి వినపడేసరికి మస్తానమ్మ చేతిలో గిన్నె పడేసింది. “నేను అక్కడ లేకుండా ఎట్ల పేలిందబ్బా” అనుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆమె వచ్చేటప్పటికి ప్రాణం పోయిన తమ్ముణ్ణి గోనెపట్ట మీద పైకి తెచ్చారు.

విచారణకి ఆఫీసరు వచ్చాడు. సైరన్ మోగిందా అని అడిగాడు. మోగింది, వాడే తాగి పడుకున్నాడు అన్నాడు వత్సలం. చుట్టూ ఉన్నవాళ్లు మోగిందన్నారు. మాలకొండయ్య కూడా తల దించుకుని మోగిందన్నాడు. మస్తానమ్మని అడగలేదు, ఏడుస్తుంది పొమ్మన్నారు. నన్ను అడిగే ఆలోచన ఎవరికి వస్తుంది? నోరు తెరవని నేను మోగానట. తాగుడంటే తెలియని వాడు తాగాడట. మనుషులు ఆడే అబద్ధాలు చాలా విన్నాను, పట్టించుకోలేదు. కానీ నా గొంతు మీద పెట్టి ఆడినదాన్ని మాత్రం తుప్పులా దాచుకున్నాను. మస్తానమ్మ కూడా దాచుకుంది. మర్నాటి నుంచి వచ్చి మామూలుగా పిడి తిప్పింది. ఆ చేతి పట్టులోనే నాకు తెలిసిపోయింది, ఈమె మరిచిపోయే మనిషి కాదని.

ఏళ్లు గడిచాయి. అభ్రకానికి గిరాకీ పడిపోయి గని మూతపడింది. పెద్ద గోతిలో వాననీళ్లు నిండి పచ్చగా నిలిచాయి. ఎటూ పోలేనివాళ్లు కొందరు మిట్టమీదే మిగిలారు, వాళ్లతోపాటు మస్తానమ్మా నేనూ.

తల నెరిసిన వత్సలం మళ్లీ ఊడిపడ్డాడు. బంగళాలో సందర్శకులకు గదులు, గోతి నీళ్లలో పడవలు, చిన్న గోతిలో మిగిలిన రాయి తవ్వడానికి కొత్త వాటాదారులు, ఇదీ ఆయన ఎత్తు. నాకు ఎర్రరంగు పూయించి, పక్కన ‘కూత లేనిదే పేలుడు లేదు: మా గని సంప్రదాయం’ అని బోర్డు పెట్టించాడు. మస్తానమ్మని పిలిపించాడు.

“అప్పట్లో దీన్ని తిప్పింది నువ్వేనంట గదా?”

“నేనేనయ్యా.”

“పెద్దవాళ్లు వస్తున్నారు. చిన్న పేలుడు ఒకటి చేసి చూపిస్తాం. నేను గోతిలోంచి చేతిరుమాలు ఎత్తగానే నువ్వు తిప్పాల. కూత విని నేను పైకొచ్చినాక మాలకొండయ్య వత్తి అంటిస్తాడు. ఇక్కడ కూత లేకుండా ఎన్నడూ పేల్చలేదని నేను చెప్తా, నువ్వు తలాడిస్తే చాలు.”

“అట్లనేనయ్యా” అంది. ఆమె ఎవరి అక్కో ఆయనకి గుర్తే లేదు.

అక్కణ్ణుంచి నేరుగా మాలకొండయ్య గుడిసెకి పోయింది. “బెజ్జంలో మందు వద్దు మాలకొండా. మట్టి కూరు. వత్తి మాత్రం బయటికి బాగా కనపడాల. నేను తిప్పకపోయినా అంటించు.”

“ఎందుకక్కా?”

“ఆ రోజు మోగిందని చెప్పినావే. దానికి.”

ముసలాయన మట్టి తట్ట అందుకున్నాడు.

చెప్పిన రోజున మిట్టమీద షామియానా కింద వాటాదారులు కూర్చున్నారు. వత్సలం మైకు పట్టుకుని ఒక్కడే చిన్న గోతిలోకి దిగి, రాతిలో అభ్రకం పొర చూపించాడు. “ఈ గనిలో సైరన్ మోగకుండా ఒక్క రాయీ పేలలేదు. పనివాడి ప్రాణమే మాకు ముఖ్యం” అని, నవ్వుతూ రుమాలు ఎత్తాడు.

మస్తానమ్మ నా పిడి మీద నుంచి చెయ్యి తీసేసి, కొంగుకి తుడుచుకుంది. మాలకొండయ్య గోతి అంచుదాకా లాగిన వత్తి కొస అంటించాడు.

పొగ చూసి వత్సలం మా వైపు చూశాడు. రుమాలు మళ్లీ ఊపాడు. ఆమె కదల్లేదు. అప్పుడు ఆయన పరుగందుకున్నాడు. చెప్పు ఒకటి జారిపోయింది, పంచె రాళ్లకి పట్టుకుంది. చేతిలో మైకు వదల్లేదు గనుక ఆ రొప్పు, ఆ “అమ్మా, అమ్మా” మిట్టంతా వినిపించింది. పాక్కుంటూ పైకొచ్చి ఒక బండ చాటున తల రెండు చేతులతో కప్పుకున్నాడు.

వత్తి బెజ్జందాకా కాలి ఆరిపోయింది.

“లేవండయ్యా. అందులో ఉండేది మట్టే” అంది మస్తానమ్మ.

వాటాదారుల్లో కోయంబత్తూరు నుంచి వచ్చిన పెద్దావిడ లేచి నిలబడింది. “కూత లేకుండా పేల్చరని ఇప్పుడేగా చెప్పారు. మరి ఎందుకు పరుగెత్తారు?”

వత్సలం దుమ్ము దులుపుకున్నాడు. మస్తానమ్మే జవాబు చెప్పింది.

“పేలుస్తారని ఆయనకి తెలుసమ్మా. మా పెంచలయ్యకే తెలీదు.”

ఆ తర్వాత మాలకొండయ్య అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాడు. వచ్చినవాళ్లు వడ్డించిన విస్తళ్ల ముందు కూర్చోకుండానే కార్లెక్కారు.

అందరూ సంతోషించారనుకోకండి. రోడ్డు వచ్చేది, నీళ్ల కుళాయి వచ్చేది, మా పొట్ట కొట్టినావని ఇరుగుపొరుగు మస్తానమ్మతో మాటలు మానేశారు. ఆ మాటలో తప్పు లేదని ఆమెకీ తెలుసు. “నా తమ్ముణ్ణి తాగుబోతన్నప్పుడు కూడా మీరు మాట్లాడలేదులే” అని ఊరుకుంది. వత్సలం మనుషులొచ్చి నన్ను పీకి పెద్ద గోతి నీళ్లలోకి విసిరేశారు.

పగ తీరితే మనసు తేలికవుతుందంటారు. నేను అడుగుకే పోయాను. అయినా చింత లేదు. మిట్టమీది ఆడవాళ్లు బట్టలుతకడానికి ఈ గట్టుకే వస్తారు, వాళ్ల మాటలు నీళ్లలోకి బాగానే దిగుతాయి. ఈమధ్య మస్తానమ్మ గొంతు కూడా వాళ్ల మధ్య వినపడుతోంది. వత్సలం కారు రాపూరు బస్టాండు దగ్గర ఆగితే చాలు, టీకొట్టు ముందు ఎవరో ఒకరు నోటితో సైరన్ కూత పెడతారట. ఆయన గబగబా కారు అద్దం ఎత్తేస్తాడట. నాకంటే బాగా కూస్తారట.