కోర్టు మూల గుమ్మడికాయ

"ఒంటి మీదకే కొట్టు," అని నానాజీ కూతురికి పొద్దున్నే నూరిపోశాడు. దివ్య అలాగే కొడుతోంది.

అనకాపల్లి శివారున పచ్చిక కోర్టుల మీద ఆడవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ పోటీలు జరుగుతున్నాయి. ఈ ఆట గెలిస్తేనే దివ్యకి అసలు పోటీలో చోటు. అవతల ఆడుతున్నది మన్‌జోత్ అనే పంజాబీ పిల్ల. నెట్ దగ్గరికి వచ్చిందంటే చాలు, బంతి ఆమె మీదకే దూసుకొస్తోంది. ఒకటి మెడ కింద ఎముకకి ఠప్పున తగిలింది. ఇంకొకటి పెదవి చీల్చింది. పిల్ల నెత్తురు ఉమ్మేసి మళ్లీ రాకెట్ ఎత్తింది.

"పాపం, సచ్చిపోయేలా ఉందండీ," అంది దివ్య తల్లి గంగాభవాని.

"ఆటలో తగిల్తే తప్పు కాదే. రూలే అంత," అన్నాడు నానాజీ. "సెరుకు కొట్టినప్పుడు గెడకి నొప్పెడతాదా అని అడుగుతావేటి?"

నక్కపల్లి దగ్గర వాళ్లకి చెరుకు తోట ఉంది. గంగాభవానికి ఆట లెక్కలు తెలియవు. ఆమెకి తెలిసిందల్లా కూతురి కుడి మోకాలు. కిందటేడు దానికి ఆపరేషన్ అయింది. మళ్లీ మెలిపడితే ఇక ఆట మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. అందుకే ఇవాళ ఎవరూ రాకముందే బూడిద గుమ్మడికాయ పట్టుకొచ్చి, నూకాలమ్మ తల్లిని తలుచుకుని, కోర్టు మూలన బద్దలుకొట్టింది. దిష్టి తీశాక వెనక్కి చూడకూడదు. చూడకుండా వచ్చేసింది. పెద్ద ముక్కల్ని మైదానం వాళ్లు ఏరిపారేశారు.

చివరి సెట్టులో మన్‌జోత్ ఒక బంతి కోసం ఆ మూలకే పరిగెత్తింది. కాలు సర్రున జారి, ముఖం నేలకి కొట్టుకుంది. జనం చప్పట్లు కొట్టారు. గంగాభవాని రెండు చేతులూ జోడించింది.

పిల్ల లేచింది. మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ నెత్తుట్లో తెల్లటి గింజలు అంటుకున్నాయి.

అవి గుమ్మడి గింజలు. గంగాభవాని జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

ఆ గేమ్ అయిపోయింది. ఇప్పుడు ఇద్దరూ వైపులు మారాలి. దివ్య ఆ మూలకి నడుస్తోంది.

"దివ్యా, అటెల్లకే."

నానాజీ ఆమె ముంజెయ్యి పట్టి మెలితిప్పాడు. "నోర్ముయ్. నువ్వు మాటాడితే దాని పాయింటు పోద్ది."

"అక్కడ గుజ్జుందండీ. గుమ్మడికాయ నేనే కొట్టేను. అది జారితే మోకాలు పోద్ది."

"ఒక్క గేమ్ గెలిత్తే అయిపోద్ది. కూకో."

ఆమె చెయ్యి పెరుక్కుని, చిన్న గేటు తోసుకుని, కోర్టులోకి పరిగెత్తింది. అంపైర్ అరుస్తూనే ఉన్నాడు. మూలన కూలబడి గోళ్లతో గడ్డిలోంచి గుజ్జు గీకసాగింది. వెనకే వచ్చిన నానాజీ ఆమెని జుట్టు పట్టి లేపి, అంతమంది ముందు చెంప పగిలేలా కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. నలుగురు వచ్చి అతన్ని గేటు వైపు లాక్కుపోయారు.

దివ్య చూస్తోంది. ఆమె చేతిలో బంతి ఉంది.

"ఒంటి మీదకే కదా, నాన్నా," అంది మెల్లగా. బంతి పైకెగరేసి కొట్టింది.

అది నానాజీ ముక్కు మీద తగిలింది. తెల్ల చొక్కా ఎర్రబడింది. అతను ముఖం పట్టుకుని కూలిపోయాడు.

అంపైర్ కుర్చీ దిగి వచ్చాడు. ఆటలో తగిలితే తప్పు లేదు గాని, ఆట ఆగాక మనిషిని కొడితే అంతటితో సరి. మన్‌జోత్ గెలిచినట్టు ప్రకటించారు.

దివ్య వచ్చి కోర్టు మూలన తల్లి పక్కన కూర్చుంది. మోకాలు చక్కగా ముడుచుకుంది, చక్కగా చాపుకుంది.

"లెగే అమ్మా, పోదాం."

"ఉండే. తరవాత ఆడేవోళ్లున్నారు."

గంగాభవాని ఒక్కో గింజా ఏరి కొంగులో వేసుకుంటోంది. మనసులో మాత్రం అమ్మవారిని నెమ్మదిగానే అడిగింది: నేనడిగిన మోకాలు ఇచ్చేవు తల్లీ. మిగతాదంతా నిన్నెవరడిగేరు?